పదవి పేరు మారితే పని మారుతుందా?

ఒకే కార్యాలయంలో ఇద్దరు స్టెనోగ్రాఫర్లు. అధికారి చెప్పినది షార్ట్‌హాండులో వ్రాసుకుని, టైపు చేసి ఇవ్వడమే ఇద్దరి పని. అయినా వారిలో పురుషునికి ఎక్కువ జీతం, స్త్రీకి తక్కువ జీతం. ఎందుకని అడిగితే, ఆమె ఉద్యోగం పేరు వేరన్నది సమాధానం.

బొంబాయిలోని మెకినాన్ మెకంజీ అనే నౌకా వ్యాపార సంస్థలో జరిగినది ఇదే. ఉన్నతాధికారుల వద్ద పనిచేసే స్త్రీలను అక్కడ ‘కాన్ఫిడెన్షియల్ లేడీ స్టెనోగ్రాఫర్లు’ అనేవారు. వారిలో ఒకరు, 1977లో ఉద్యోగం ముగిసిన తరువాత, 1976 నాటి సమాన వేతన చట్టం క్రింద ఫిర్యాదు చేశారు. ఆమెకు రావలసిన వ్యత్యాసం సుమారు 7,200 రూపాయలు. ఆ కొద్ది మొత్తం కోసం సాగిన వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. 1987లో ఆమె పక్షాన తీర్పు వచ్చింది.

సంస్థ వాదనలు మూడు. వాటికి లభించిన సమాధానాలు ప్రతి యజమానీ గుర్తుంచుకోదగినవి.

ఆ పదవిలో పురుషులే లేరు కనుక పోలికకు తావు లేదన్నది మొదటి వాదన. అక్కడ స్త్రీలే ఉన్నారంటే, యాజమాన్యం అలా కోరుకున్నందువల్లనే అన్నది న్యాయస్థానం. చూడవలసినది పదవి పేరు కాదు, చేసే పని. స్వల్పమైన తేడాలను పట్టుకుని పనులు వేరనడం చెల్లదు.

జీతాలు 1975లో కార్మిక సంఘంతో కుదిరిన ఒప్పందం ప్రకారమే ఉన్నాయన్నది రెండవ వాదన. ఒప్పందం ఎంత సక్రమంగా కుదిరినా, చట్టాన్ని మించలేదు.

సంస్థ ఆర్థికస్థితి బాగులేదన్నది మూడవది. సమాన వేతనం యజమాని స్తోమతను బట్టి ఇచ్చే బహుమానం కాదని న్యాయస్థానం స్పష్టం చేసింది. పురుషుల జీతం తగ్గించి సమానత్వం సాధించే దారిని కూడా ఆ చట్టమే మూసివేసింది.

ఈ లోపం ప్రైవేటు సంస్థలకే పరిమితం కాదు. భారత విదేశాంగ సర్వీసులో చేరిన తొలి మహిళ సి. బి. ముత్తమ్మ కేసు ఇందుకు సాక్ష్యం. ఆ సర్వీసులోని స్త్రీ వివాహానికి ముందు ప్రభుత్వ అనుమతి పొందాలని ఒక నిబంధన ఉండేది. వివాహానంతరం కుటుంబ బాధ్యతలు విధులకు అడ్డమని ప్రభుత్వం భావిస్తే ఆమె రాజీనామా చేయవలసివచ్చేది. పురుషులకు ఇటువంటి షరతు లేదు. 1979 తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ ధోరణిని తీవ్రంగా విమర్శించారు.

1976 చట్టం స్థానంలో 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. ఒకే విధమైన పనికి వేతనంలో లింగవివక్ష కూడదన్న సూత్రం మాత్రం మారలేదు.

వివక్ష ఎల్లప్పుడూ దురుద్దేశంతోనే పుట్టదు. ఏనాడో వ్రాసిన నిబంధనలో, అలవాటుగా పెట్టిన పదవి పేరులో అది దాగి ఉండవచ్చు. కనుక వివేకం గల యజమాని ఫిర్యాదు వచ్చేవరకు ఆగడు. జీతాల పట్టీలో పదవుల పేర్లను ఒక్కసారి చేతితో మూసి, ఎవరు ఏ పని చేస్తున్నారో చూస్తాడు. పని ఒక్కటై, జీతాలు వేరై కనిపిస్తే, సరిదిద్దవలసినది తన పట్టీనే.