ఎంఎస్‌డబ్ల్యూ సీటు: ఫీజు తక్కువైతే చవక అయినట్టేనా?

మా ఖాలా కూతురు డిగ్రీ అయిపోయాక "భయ్యా, నేను ఎంఎస్‌డబ్ల్యూ చేస్తా" అన్నప్పుడు ఇంట్లో మొదట వచ్చిన ప్రశ్న "అదేం కోర్సు?" అని. రెండోది "ఫీజు ఎంత?" అని. మూడో ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. బీకాం చదివినవాణ్ణి, రిపోర్టర్‌ని, నలుగురికీ స్కాలర్‌షిప్ వార్తలు రాసేవాణ్ణి. అయినా నేనే దగ్గరుండి ఆమెను ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో స్పాట్ అడ్మిషన్‌లో చేర్పించాను. "రీయింబర్స్‌మెంట్ వస్తది, ఫికర్ చేయకండి" అని కౌంటర్లో కూర్చున్న మనిషి అంటే నమ్మాను.

రాలేదు. రాదు కూడా. కన్వీనర్ కోటాలో కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన సీటుకే ఫీజు రీయింబర్స్‌మెంట్. స్పాట్‌లో వచ్చిన సీటుకు, మేనేజ్‌మెంట్ సీటుకు ఉండదు. ఈ విషయం మాకు చేరిన నాలుగు నెలలకు తెలిసింది. టైలరింగ్ షాపు నడిపే మా ఖాలూ రెండేళ్ల ఫీజు వాయిదాల్లో కట్టారు. చివరి వాయిదా ఆలస్యమైతే కాలేజీ వాళ్లు ఆమె డిగ్రీ ఒరిజినల్స్ ఇవ్వలేదు. అవి చేతిలో లేక ఒక ఉద్యోగం ఇంటర్వ్యూ పోయింది. చేరేటప్పుడు ఇచ్చిన ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోరాదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అది మాకు అప్పుడు తెలియదు.

అందుకే ఈ విశ్లేషణ. సోషల్ వర్క్ పీజీ మన పిల్లలకు అందుబాటులో ఉన్న కోర్సే. ఏ డిగ్రీ చదివినా చేరొచ్చు. బీఏ, బీకాం, బీఎస్సీ తేడా లేదు. కానీ "చవక" అన్న మాటను మనం ఫీజు రసీదు చూసి నిర్ణయిస్తున్నాం. అక్కడే తప్పు జరుగుతోంది.

రెండు క్యాలెండర్లు, మనకు తెలిసింది ఒకటే

తెలంగాణలో ఉస్మానియా, కాకతీయ వంటి రాష్ట్ర యూనివర్సిటీల్లో, వాటి అనుబంధ కాలేజీల్లో ఎంఎస్‌డబ్ల్యూ సీటు కావాలంటే సీపీగెట్ రాయాలి. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. 2025లో ఈ పరీక్ష ఆగస్టులో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి సమానమైనది ఏపీ పీజీసెట్.

కేంద్రీయ యూనివర్సిటీల దారి వేరు. పాండిచ్చేరి యూనివర్సిటీ, తమిళనాడు కేంద్రీయ విశ్వవిద్యాలయం, పక్కనే కలబురగిలో ఉన్న కర్ణాటక కేంద్రీయ విశ్వవిద్యాలయం సీయూఈటీ పీజీ మార్కులతో సీట్లు ఇస్తాయి. ముంబైలోని టిస్ కూడా 2023 నుంచి తన సొంత ప్రవేశ పరీక్ష వదిలి ఈ దారిలోకే వచ్చింది. 2025లో సీయూఈటీ పీజీ మార్చిలో మొదలైంది. అంటే దరఖాస్తు గడువు అంతకు ముందే, చలికాలంలోనే అయిపోయింది.

ఇక్కడ తేడా గమనించండి. మన పిల్లలు డిగ్రీ ఫైనలియర్ రిజల్ట్ వచ్చాక "ఇప్పుడేం చేద్దాం" అని ఆలోచిస్తారు. అప్పటికి కేంద్రీయ యూనివర్సిటీల తలుపు మూసేసి ఉంటుంది. ఫైనలియర్‌లో ఉండగానే ఆ పరీక్షకు అప్లై చేయొచ్చని చాలామందికి చెప్పేవాళ్లు లేరు. ఫలితం ఏమిటంటే, తక్కువ ఫీజు, హాస్టల్, లైబ్రరీ ఉన్న చోట్లు వదులుకుని, సీపీగెట్ కూడా సరిగా రాయక, చివరికి స్పాట్ అడ్మిషన్ క్యూలో నిలబడుతున్నాం. అన్నిటికంటే ఖరీదైన దారి అదే.

సర్టిఫికెట్లలో పోయే డబ్బు

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ వార్షికాదాయ పరిమితి బీసీలకు, మైనారిటీలకు గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. ముస్లింలలో బీసీ-ఈ కిందకు వచ్చే వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కూడా ఉంది. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలు బీసీ-ఈలో లేవు. వాళ్లు మైనారిటీ కింద ఈపాస్‌లో దరఖాస్తు చేసుకోవాలి. కౌన్సెలింగ్ రోజున మీసేవ ముందు పరుగులు పెడితే లాభం లేదు. ఆదాయం, కులం సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోవాలి. హాజరు 75 శాతం తగ్గినా రీయింబర్స్‌మెంట్ ఆగిపోతుంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. సీటు సరైన దారిలో వచ్చినా ప్రభుత్వం డబ్బు సమయానికి రాదు. ఈ బకాయిల మీదే తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు 2025 నవంబర్‌లో బంద్ చేశాయి. కాలేజీకి, సర్కారుకు మధ్య గొడవలో ఒత్తిడి పడేది విద్యార్థి మీద. కాబట్టి రీయింబర్స్‌మెంట్ మీదే పూర్తిగా ఆధారపడేవాళ్లు యూనివర్సిటీ క్యాంపస్ సీటుకు మొదటి ఆప్షన్ ఇవ్వడం మంచిది. అక్కడ మామూలుగా ఫీజే తక్కువ, కాబట్టి డబ్బు ఆలస్యమైనా భారం తక్కువ.

నా బీకాం లెక్క

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఉదాహరణకు, డిగ్రీ అయిన అబ్బాయి ఏదో షాపులో అకౌంట్స్ రాస్తూ నెలకు 15 వేలు తెస్తున్నాడనుకుందాం. ఎంఎస్‌డబ్ల్యూ రెగ్యులర్ కోర్సు రెండేళ్లు. ఆ 24 నెలల్లో ఇంటికి రాకుండా పోయే డబ్బు 3 లక్షల 60 వేలు. రెండు కాలేజీల మధ్య ఫీజు తేడా 20 వేలు ఉంటే, ఈ మొత్తం ముందు అదెంత?

"పొద్దున కాలేజీ, సాయంత్రం పని" అనే పద్ధతి ఈ కోర్సులో కుదరడం కష్టం. కారణం ఫీల్డ్ వర్క్. మామూలుగా వారానికి రెండు రోజులు ఆసుపత్రికో, బస్తీకో, స్వచ్ఛంద సంస్థకో వెళ్లాలి. రిపోర్టు రాయాలి, సూపర్‌వైజర్‌కు చూపించాలి. జీతం ఉండదు. రోజుకు రవాణా, టీ కలిపి 100 రూపాయలు వేసుకున్నా నెలకు 800. ఇరవై నెలలకు 16 వేలు. ఇది ఏ ప్రాస్పెక్టస్‌లోనూ కనిపించని ఫీజు. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక అమ్మాయిలకు ఈ ఖర్చు బాగా తగ్గింది. ఈ కోర్సుకు అదే పెద్ద స్కాలర్‌షిప్ అని నేనంటాను. అబ్బాయిలకు ఆ సౌకర్యం లేదు.

రెండేళ్ల జీతం వదులుకుని చేసే చదువు కాబట్టి, అందులో చేతికి ఏం వస్తుందన్నదే చూడాలి. సోషల్ వర్క్‌లో చేతికి వచ్చేది ఫీల్డ్ వర్క్ ద్వారానే. కేసు ఎలా రాయాలి, ఏడుస్తున్న మనిషి ముందు ఎలా కూర్చోవాలి, పోలీస్ స్టేషన్‌లో ఏం మాట్లాడాలి అన్నవి నోట్సులో దొరకవు. ఫీల్డ్ వర్క్‌ను సంతకాలతో నడిపించే కాలేజీలో ఫీజు సున్నా అయినా అది ఖరీదైన కోర్సే.

ఎక్కడ ఎవరికి కుదురుతుంది

గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ, మన వాడుకలో మనూ, కేంద్రీయ యూనివర్సిటీ. అక్కడ ఎంఎస్‌డబ్ల్యూ ఉర్దూ మాధ్యమంలో ఉంది. అయితే పదో తరగతిలోనో, ఇంటర్‌లోనో, డిగ్రీలోనో ఉర్దూ మాధ్యమంగా లేదా సబ్జెక్టుగా చదివి ఉండాలి. గుర్తింపు ఉన్న మదర్సా చదువు కూడా పనికొస్తుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, బడిలో ఎక్కడా ఉర్దూ తీసుకోని పిల్లలు ఇక్కడే ఆగిపోతున్నారు. ఇప్పుడు ఇంటర్లో ఉన్నవాళ్లు సెకండ్ లాంగ్వేజ్ ఎంచుకునేటప్పుడే ఇది గుర్తుపెట్టుకోవాలి.

టిస్ పేరు పెద్దది. 1936లో మొదలైన సంస్థ, దేశంలో సోషల్ వర్క్ చదువుకు అదే తొలి మెట్టు. కానీ పేరు చూసి ఖర్చు మరిచిపోకూడదు. 2018 ఫిబ్రవరిలో అక్కడి విద్యార్థులు సమ్మె చేసింది స్కాలర్‌షిప్‌కు అర్హులైన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఉన్న మినహాయింపు తీసేసి, హాస్టల్, మెస్ చార్జీలు కట్టమన్నందుకే. హైదరాబాద్ క్యాంపస్ కూడా ఆ సమ్మెలో ఉంది. బయటి రాష్ట్రంలో చదివేటప్పుడు ట్యూషన్ ఫీజు కంటే ఉండటానికి, తినడానికి అయ్యేదే ఎక్కువ. ఢిల్లీలోని జామియా మిల్లియా గురించి ఆలోచించేవాళ్లకూ ఇదే మాట. హాస్టల్ దొరుకుతుందా లేదా అన్నది సీటు ఒప్పుకోకముందే తేల్చుకోవాలి.

ఇంటి బాధ్యతల వల్ల ఉద్యోగం వదల్లేనివాళ్లకు ఇగ్నో ఎంఎస్‌డబ్ల్యూ ఉంది. కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా నాలుగేళ్లు. అందులో కూడా ఫీల్డ్ వర్క్ తప్పదు. ఇలాంటి దూరవిద్యకు రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఇప్పటికే ఏదైనా సంస్థలో పనిచేస్తూ డిగ్రీ కాగితం అవసరమైనవాళ్లకు ఇది సరైనది. కొత్తగా పని నేర్చుకోవాలనుకునే 21 ఏళ్ల పిల్లకు నేనైతే రెగ్యులరే చెబుతాను.

ఉద్యోగం సంగతి

దాచుకోవడం ఎందుకు, జీతాలు ఎక్కువ కాదు. భరోసా కేంద్రాలు, సఖి కేంద్రాలు, మిషన్ వాత్సల్య కింద జిల్లా బాలల పరిరక్షణ విభాగాలు, ఆసుపత్రులు, స్వచ్ఛంద సంస్థలు ఈ చదువుకున్నవాళ్లను తీసుకుంటాయి. చాలావరకు కాంట్రాక్టు పోస్టులే. స్వచ్ఛంద సంస్థల మీద కూడా ఒత్తిడి పెరిగింది. 2020 సవరణతో విదేశీ విరాళాల్లో పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. మరోవైపు 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి కాబట్టి అటు కొన్ని పోస్టులు వస్తున్నాయి. అక్కడ బడ్జెట్, రిపోర్టు రాయగలిగిన కామర్స్ పిల్లలకు ఒక మెట్టు ఎక్కువే.

ఫ్యాక్టరీల్లో వెల్ఫేర్ ఆఫీసర్ మరో దారి. పాత ఫ్యాక్టరీల చట్టంలో 500 మంది కార్మికులుంటే ఈ పోస్టు తప్పనిసరి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లో ఆ సంఖ్య 250కి తగ్గింది. మానసిక ఆరోగ్య రంగానికి వెళ్లాలంటే మాత్రం ఎంఎస్‌డబ్ల్యూ ఒక్కటే చాలదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌కు ఆ పైన ఎంఫిల్ కూడా అడుగుతుంది. ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

చేరే ముందు అడగాల్సినవి

1. ఈ సీటు కన్వీనర్ కోటానా, స్పాటా? రెగ్యులరా, సెల్ఫ్ ఫైనాన్సా?
2. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే నా దగ్గర డబ్బు అడుగుతారా? సమాధానం కాగితం మీద ఇస్తారా?
3. ఫీల్డ్ వర్క్ వారానికి ఎన్ని రోజులు, ఏ సంస్థల్లో? సూపర్‌వైజర్ ఎవరు?
4. నిరుడు పాసైనవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? ఇద్దరి నంబర్లు ఇవ్వగలరా?
5. హాస్టల్ ఉందా, అందులో పీజీ వాళ్లకు చోటుందా?

మొదటి రెండూ నేను అడిగి ఉంటే మా ఖాలూకు ఆ వాయిదాలు ఉండేవి కావు.

కౌమ్ పెద్దలకు ఒక మాట

మన దగ్గర పిల్లవాడు డాక్టర్ సీటు తెచ్చుకుంటే జకాత్ డబ్బు కదులుతుంది. ఇంజినీరింగ్‌కూ ఎవరో ఒకరు చేయి కలుపుతారు. సోషల్ వర్క్ అంటే "ఖిద్మత్ చేయడానికి చదువెందుకు?" అని నవ్వుతారు. కానీ పాతబస్తీలో గాజుల కార్ఖానాల్లో పనిచేసే పిల్లల విషయం వచ్చినా, తలాక్ తర్వాత రోడ్డున పడ్డ చెల్లి విషయం వచ్చినా, ఎదురుగా కూర్చునే కౌన్సెలర్‌కు ఆమె భాష రాకపోతే సగం మాట గొంతులోనే ఆగిపోతుంది. ఆ కుర్చీలో మన పిల్లలు ఎందుకు తక్కువ ఉన్నారని అడిగే ముందు, ఆ కుర్చీ దాకా వెళ్లడానికి మనం ఏం ఇచ్చామని అడుక్కోవాలి. ఒక విద్యార్థికి ఫీల్డ్ వర్క్ ఖర్చులకు నా లెక్క ప్రకారం నెలకు 800. ఒక మసీదు కమిటీకి ఇది మోయలేని భారమా?

మా ఖాలా కూతురు ఇప్పుడు ఒక సంస్థలో కాంట్రాక్టు మీద కౌన్సెలర్. జీతం తక్కువే. పోయిన వారం ఫోన్ చేసి, "భయ్యా, ఒక అమ్మీ వచ్చింది. మూడుసార్లు వేరే చోట తిరిగిందట, ఎవ్వరికీ ఏం చెప్పలే. నాతో గంట సేపు మాట్లాడింది" అంది. ఈ ఏడాది ఆమె చెల్లెలు డిగ్రీ ఫైనలియర్. ఈసారి ఫారం నింపడానికి నేను వేసవి దాకా ఆగను.