పచ్చిక కోసం ఇంత నీరా?

పచ్చికకు వారంలో రెండు తడులు మించరాదని డల్లాస్ నగరం 2012లోనే నిబంధన పెట్టింది. అయినా మనవారి ఇళ్ళ ముందు స్ప్రింక్లర్లు రోజూ తిరుగుతూనే ఉన్నాయి. ఇది గడ్డికి మేలు కాదు, కీడు. పైపైన తడిపితే వేళ్ళు పైనే ఉండిపోతాయి. నాలుగు రోజులు నీరు ఆగితే మొదట మాడేది ఆ గడ్డే.

వేసవికి సిద్ధం చేయవలసింది వసంతంలోనే. తడికీ తడికీ ఎడం పెంచండి. వారానికి అంగుళం నీరు, తెల్లవారుజామున, చాలు. ఇక్కడి నల్లరేగడి ఒక్కసారిగా ఇంకించుకోలేదు గనుక విడతలుగా పెట్టండి. ఆకు పొడవులో మూడోవంతుకు మించి కోయకండి. మండుటెండల్లో ఎరువు మానండి.

"గోధుమరంగుకు తిరిగితే పొరుగువారేమనుకుంటారో" అంటారా? మామూలు బెర్ముడా గడ్డి అంటే మనం వినాయకుడికి సమర్పించే గరికే! ఎండకు రంగు మారినా వేరు బ్రతికి ఉంటుంది, వానకు చిగురిస్తుంది. ఇక కాలనీ సంఘం భయమా? నీరు ఆదా చేసే గడ్డిని సంఘాలు నిషేధించరాదని టెక్సాస్ 2013లో చట్టమే చేసింది.

బిందెలతో కుళాయి దగ్గర వరుసలో నిలబడిన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. తాగేనీటిని వీధికాలువలోకి పారించడం మనకు గొప్ప కాదు.