ఈ యుద్ధం ఎవరితో?

భక్తి గ్రంథాలలో యుద్ధాలు ఎందుకని కొందరు సందేహిస్తుంటారు. శాంతిని బోధించవలసిన చోట శంఖాలు, బాణాలు, కవచాలు ఏమిటని అడుగుతుంటారు. ఈ ప్రశ్న మన ఇతిహాసాలకే పరిమితం కాదు, క్రైస్తవుల పవిత్ర గ్రంథమైన బైబిలుకూ వర్తిస్తుంది. అందులోని ఒక ప్రసిద్ధమైన యుద్ధ రూపకాన్ని ఈ వారం పరిశీలిద్దాం.

కొత్త నిబంధనలో ఎఫెసీయులకు రాసిన పత్రిక ఒకటి ఉంది. క్రైస్తవ సంప్రదాయం దానిని పౌలు రచనగా భావిస్తుంది. కర్తృత్వం విషయంలో ఆధునిక పండితులలో భిన్నాభిప్రాయాలు లేకపోలేదు. లేఖకుడు తాను సంకెళ్లలో ఉన్నట్లు చెప్పుకున్నాడు. రోమన్ సామ్రాజ్యంలో బందీకి నిత్యం కంటబడేవాడు సైనికుడే కదా! ఆరవ అధ్యాయంలో ఆ సైనికుని వేషాన్నే ఆయన భక్తునికి తొడిగాడు. నడుముకు సత్యమనే దట్టి, ఎదకు నీతి అనే కవచం, పాదాలకు శాంతి సువార్తకై సంసిద్ధత అనే జోళ్లు, చేత విశ్వాసమనే డాలు, శిరస్సుకు రక్షణ అనే శిరస్త్రాణం, చివరగా దైవవాక్యమనే ఖడ్గం.

ఈ ఆరింటినీ నిదానంగా పరికిస్తే కొన్ని విశేషాలు గోచరిస్తాయి. ఆయుధం ఒక్కటే, తక్కినవన్నీ సన్నద్ధతకూ రక్షణకూ సంబంధించినవి. యుద్ధానికి బయలుదేరేవాని కాళ్లకు తొడిగినవి శాంతి పాదరక్షలు! డాలుకు వాడిన గ్రీకు పదం 'ద్వారం' అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది. మనిషిని తలుపులా కప్పే పెద్ద డాలు అది. నీతి కవచమూ, రక్షణ శిరస్త్రాణమూ అంతకు ముందే యెషయా గ్రంథం 59వ అధ్యాయంలో కనిపిస్తాయి. అక్కడ వాటిని ధరించినవాడు సాక్షాత్తూ దేవుడే. దేవుడు ధరించినదే భక్తునికి దక్కిందన్నమాట.

ఇక ఆ సైనికునికి ఇచ్చిన ఆజ్ఞ ఏమిటి? దండెత్తమని కాదు, నిలబడమని. 11 నుంచి 14 వరకు నాలుగు వచనాలలో నిలబడటం అన్న భావం నాలుగుసార్లు వస్తుంది. ఇంగ్లండుకు చెందిన జాన్ బన్యన్ 1678లో ప్రచురించిన 'యాత్రికుని ప్రయాణం'లో దీనికి చక్కని వ్యాఖ్యానం వంటి ఘట్టముంది. భయంకర శత్రువు ఎదురైనప్పుడు యాత్రికుడు పారిపోదామనుకుంటాడు. తన వెన్నుకు కవచం లేదన్న సంగతి అప్పుడు గుర్తుకొస్తుంది. ఎదురొడ్డి నిలవడమే అతనికి మిగిలిన మార్గం.

అన్నిటికన్నా ముఖ్యమైనది 12వ వచనం. ఈ పోరాటం రక్తమాంసాలు గల మనుషులతో కాదని, కంటికి కనిపించని దుష్టశక్తులతోనని అది తేల్చి చెబుతుంది. రూపకానికి ప్రాణం ఈ ఒక్క మాటలోనే ఉంది. గెత్సేమనే తోటలో తనను బంధించడానికి వచ్చినవారిపై శిష్యుడు కత్తి దూసినప్పుడు, దానిని ఒరలో పెట్టమని ఏసుక్రీస్తు వారించిన సంగతి సువార్తలలో ఉంది.

ఈ మాటను మరచినప్పుడు ఏమవుతుందో చరిత్ర చెబుతోంది. 1095లో క్లెర్మాంట్ సభలో పోప్ రెండవ అర్బన్ ఇచ్చిన పిలుపుతో శిలువ గుర్తు ధరించి బయలుదేరినవారు 1099లో జెరూసలేమును పట్టుకుని అక్కడి ముస్లింలను, యూదులను ఊచకోత కోశారు. 1204లో నాలుగవ క్రూసేడు సైన్యం సాటి క్రైస్తవుల నగరమైన కాన్‌స్టాంటినోపుల్‌నే కొల్లగొట్టింది. మనిషిని శత్రువుగా ఎంచిన చూపుకు తనవాడు, పరాయివాడు అన్న తేడా కూడా నిలవదు.

కామక్రోధాదులను మన పెద్దలు అరిషడ్వర్గం అన్నారు. 'అరి' అంటే శత్రువు. దుష్టశక్తి మనిషికి వెలుపలిదా, లోపలిదా అన్న విషయంలో రెండు సంప్రదాయాల తత్త్వచింతన ఒకటి కాదు. ఆ భేదాన్ని చెరిపివేయనవసరం లేదు. అయితే ఎదుటి మనిషి ఆ శత్రువు కాడన్న దగ్గర రెండు దారులూ కలుస్తాయి.

మన ఊళ్లలో గుడిగంట, చర్చిగంట ఒకే వీధిలో వినిపించే చోట్లు ఎన్నో ఉన్నాయి. పొరుగింటివారు ఆత్మీయ పోరాటం గురించి ప్రార్థిస్తుంటే అది తమ మీదికేనని ఉలికిపడేవారూ ఉండవచ్చు. ఆ గ్రంథం చెప్పిన యుద్ధం వారి మీద కాదు. అలాగే మనం ధర్మయుద్ధమని పలికినప్పుడు పొరుగువారు భయపడవలసిన స్థితి రాకూడదు. ఆ బాధ్యత మనది.

పత్రికలో ఆయుధ వర్ణన ముగిసిన వెంటనే వచ్చే మాట ప్రార్థన, మెలకువ. నోట పరుషవాక్యం రాబోయే క్షణంలో, అబద్ధంతో లాభం కలిగే క్షణంలో మేలుకొని ఉండటమే నిజమైన సన్నద్ధత. రోజు ముగిసి దీపం కొండెక్కే వేళ ప్రతి ఒక్కరూ తమను తాము ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈరోజు నేను పోరాడింది నాలోని దోషంతోనా, నా తోటి మనిషితోనా?