మన రోష్నీ, ఎదుటివాళ్ల అంధేరా

ఇషా తర్వాత బండి తీసే ప్రతి భాయీకి, ఆ బండి వెనక కూర్చునే ప్రతి బీబీకి ఈ మాట చెప్పాలనిపించి రాస్తున్నాను. సంగతి మోటర్‌సైకిల్ హెడ్‌లైటు గురించి. ఇంత చిన్న ముచ్చటకు ఇంత రాత ఎందుకని నవ్వకండి. నా వల్ల ఒక మనిషి చెయ్యి విరిగింది.

పోయిన చలికాలం మా తమ్ముడు జెద్దా పోయాడు. ఫ్లయిటు రాత్రి రెండు దాటాక. గల్ఫ్ ఫ్లయిట్లు చాలామటుకు ఆ వేళకే ఎందుకుంటాయో గానీ, మన ఖాందాన్లలో విదాయీ అంటే నిద్రమబ్బు కళ్లతోనే. సామాను, అమ్మీ, మరదలు, పిల్లలు మామూ ఆటోలో సర్దుకున్నారు. నాకు జాగా లేదు, వెనకాల బండి మీద బయల్దేరాను. మాది కొత్తూరు దగ్గర హైవే దిగి లోపలికి పోవాల్సిన ఊరు. జహంగీర్ పీర్ దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి జుమేరాత్ రోజు మీరంతా వచ్చే దారే మా రోజువారీ దారి.

అంతకు పది రోజుల ముందే బండికి తెల్లటి ఎల్ఈడీ బల్బు వేయించాను. నాది పాత వంద సీసీ బండి. దాని లైటు చిమ్నీ లెక్క ఉండేది. యాక్సిలరేటర్ పెంచితే వెలుగు, బ్రేకు కొడితే గుడ్డి. స్పేర్ పార్ట్స్ దుకాణంలో కుర్రాడు "ఏ డాలో భాయ్, రాత్ కా దిన్ హో జాతా" అన్నాడు. ఆరు వందలు తీసుకుని వేశాడు. నిజంగానే రాత్రి పగలైంది. పది రోజులు ఖుషీఖుషీగా తిరిగాను.

తమ్ముణ్ణి లోపలికి పంపి తిరిగొస్తుంటే మూడున్నర అయింది. మనసు బాగాలేదు. హైవే దిగి మా రోడ్డు పట్టాను. ఎదురుగా ఒక మోపెడ్, వెనక చామంతి పూల మూట. గుడిమల్కాపూర్ మార్కెట్టుకు తెల్లారేలోపు పోవాలని బయల్దేరిన రైతు. నా లైటు ఆయన మొహం మీద పడింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ తర్వాత మోపెడ్ రోడ్డు అంచు దిగి, కంకర మీద జారి, పక్కకు పడిపోయింది. నేను తాకలేదు. పక్కనుంచి కూడా పోలేదు, ఇంకా ఇరవై గజాల దూరంలోనే ఉన్నాను.

లేపి కూర్చోబెట్టాను. మణికట్టు అప్పటికే వాచింది. డెబ్బై ఏళ్లుంటాయేమో. పూలన్నీ రోడ్డు మీద. నేను మాఫీ అడిగే లోపే ఆయనే అన్నాడు: "నీ బత్తి కాదు బిడ్డా, నా కండ్లే సక్కగ లేవు."

ఆ మాట నన్ను ఇప్పటికీ పడుకోనివ్వదు. దవాఖానాకు తీసుకుపోయాను, పట్టీ వేయించాను, పూల నష్టం ఇస్తానంటే సగమే తీసుకున్నాడు. తప్పు తన కళ్ల మీద వేసుకున్న మనిషికి తప్పు నాదని చెప్పి ఒప్పించలేకపోయాను. చిన్నప్పుడు మద్రసాలో మా ఉస్తాద్ దారిలో ముల్లు తీసేయడం కూడా సదఖా అని చెప్పేవారు. నేను దారిలో ముల్లు వేసుకుంటూ తిరిగాను, అది కూడా ఆరు వందలు ఇచ్చి కొనుక్కుని. ఇది హుకూకుల్ ఇబాద్ మామలా. మనుషుల హక్కుల విషయంలో ఆ మనిషి మాఫ్ చేస్తేనే మాఫ్. ఈయన చేశాడు. లైటు కొట్టుకుంటూ పోతున్నప్పుడు వెనక ఎవరు పడ్డారో చూడకుండా పోయిన మిగతా పది రాత్రుల సంగతి నాకు తెలియదు.

తర్వాత షంషాబాద్‌లో మా మిస్త్రీ చాచా దగ్గర కూర్చుని ఆ బల్బు విప్పించి అడిగాను, ఇందులో ఖరాబీ ఏముందని. ఆయన పాత హాలోజన్ బల్బు చేతికిచ్చి చూపించాడు. లోపల రెండు సన్నటి తీగలు, ఒకటి హై బీముకు, ఒకటి డిప్పరుకు. డిప్పర్ తీగ కింద చిన్న రేకు గిన్నె. డూము లోపలి మెరిసే గిన్నెను ఆ తీగ సరిగ్గా ఎక్కడ ఉంటుందో లెక్కగట్టి వంచుతారు. పైకి ఎగిరి ఎదుటివాళ్ల కళ్లలో పడే వెలుతురును ఆ రేకు ఆపేస్తుంది. హాలోజన్ కోసం చేసిన ఆ డూములో సస్తా ఎల్ఈడీ పెడితే, వెలుతురు పుట్టే చోటు మారిపోతుంది. తీగ ఉండాల్సిన చోట లావుపాటి పట్టీ, రెండు పక్కల చిప్పులు. డూముకు లెక్క తప్పుతుంది. వెలుతురు చెట్ల మీదికి, ఇళ్ల మీదికి, ఎదుటివాళ్ల మొహాల మీదికి పోతుంది. డిప్పర్ నొక్కినా నామ్‌కే వాస్తే డిప్పరే.

ఇంకో సంగతి నాకు నేనుగా తెలిసొచ్చింది. నాకు కూడా దాంతో దూరం కనబడలేదు! ముందు చక్రం దగ్గర రోడ్డు పాలు పోసినట్టు తెల్లగా ఉండేది. అంత వెలుతురు దగ్గర్లో ఉంటే కంటిపాప ముడుచుకుంటుంది, దాంతో దూరంలోని గుంత, గేదె, నిలబెట్టిన ట్రాలీ చీకట్లో కలిసిపోతాయి. మెరుపు చూసి రోష్నీ అనుకున్నాను. వానలో ఆ నీలం కలిసిన తెలుపు ఇంకా అధ్వానం, తడి రోడ్డు మీద ఏమీ ఆనదు.

కొంచెం హిసాబ్ చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదుటి లైటు కొట్టి కళ్లు బైర్లు కమ్మి మూడు సెకన్లకు తేరుకున్నారనుకోండి, 50 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. వయసు పైబడినవాళ్లకు, మోతియా ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువసేపు పడుతుంది. అదే వేగంలో ఏదో కనబడి, బ్రేకు నొక్కి, బండి ఆగేసరికి పొడి రోడ్డు మీదే సుమారు 40 మీటర్లు కావాలి. 40 కిలోమీటర్ల వేగమైతే 25 చాలు. మీ లైటు 30 మీటర్లు చూపిస్తుంటే మీరు ఎంతలో పోవాలో అందులోనే ఉంది. బల్బు మార్చే ముందు వేగం మార్చడం ముఫ్త్.

అలాగని మసక లైటుతోనే తిరగమని నేను అనను. మంచి లైటు కావాలి, అది మన హక్కు. నేనూ చాచా దగ్గర అదే చేయించుకున్నాను. ఆయన ముందు డూము చూశాడు. లోపలి వెండి పూత నల్లబడింది, అద్దం పసుపు తిరిగింది. అది తీసేసి కొత్త డూము వేశాడు. హోల్డరు మాడిపోయి ఉంది, మార్చాడు. ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉంటే గీకి గట్టిగా బిగించాడు. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు పోతుంది. మన పాత బళ్ల లైట్ల జబ్బు ఎక్కువసార్లు బల్బులో కాదు, తుప్పు పట్టిన ఆ రెండు జాయింట్లలోనే ఉంటుంది. చివరికి కంపెనీ చెప్పిన 35 వాట్ల బల్బే, కాకపోతే మంచి రకం, పుత్లీబౌలి నుంచి తెప్పించాడు. అంతా కలిపి వెయ్యి లోపే అయింది. ఎల్ఈడీ కంటే నాలుగు వందలు ఎక్కువ, అంతే.

కొందరు తొంభై, వంద వాట్ల బల్బు వేయిస్తారు. 35 వాట్ల బల్బుకు మూడు ఆంపియర్లు సరిపోతుంది, వంద వాట్లకు ఎనిమిది దాటుతుంది. వంద సీసీ బండి కాయిల్ అంత ఇవ్వలేదు, సన్న వైర్లు మోయలేవు. హోల్డరు కరిగిపోతుంది, ఏ అర్ధరాత్రో లైటే ఉండదు. ఎల్ఈడీయే కావాలంటే కంపెనీవాళ్లే ఎల్ఈడీ కోసం చేసిన డూముతో వచ్చే బండి కొనుక్కోండి. అందులో వెలుతురుకు హద్దు ఉంటుంది. ఫాగ్ ల్యాంపులు, మెరిసే నీలం ఎరుపు పట్టీలు వేసుకునే మన నౌజవానులకు ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత, చట్టం ఒప్పని ఒక్కో మార్పుకు ఓనరుకు 5,000 రూపాయల జుర్మానా, ఆరు నెలల దాకా ఖైదు కూడా ఉండొచ్చు. అబ్బా జేబులోంచి పోయే డబ్బది.

లైటు ఎంత మంచిదైనా ఎటు చూస్తుందన్నదే అసలు సంగతి. ఇది మనవాళ్లలో నూటికి తొంభై మంది చూసుకోరు. ఇషా అయ్యాక మసీదు ప్రహరీ గోడకు ఐదు మీటర్ల దూరంలో, చదును నేల మీద బండి నిలబెట్టాను. గోడ మీద హెడ్‌లైటు ఎత్తులో సుద్దతో గీత గీశాను. డిప్పర్ వేస్తే వెలుతురు పై అంచు ఆ గీతకు ఐదారు సెంటీమీటర్లు కింద ఉండాలి. నాది ఒక జానెడు పైన ఉంది. స్క్రూ తిప్పి సర్దాం. కానీ అప్పుడు బండి మీద నేనొక్కణ్ణే. మా బేగంను వెనక కూర్చోబెట్టి, మధ్యలో చిన్నవాణ్ణి ఇరికిస్తే వెనక షాకులు దిగాయి, ముందు లైటు ఆకాశం చూసింది. మన ఖాందాన్లు తిరిగేది అలాగే కదా! నలుగురు ఎక్కిన బండి డిప్పర్ కూడా హై బీమే. కాబట్టి రోజూ ఎక్కే బరువుతో సర్దించుకోండి, వెనక షాకుల నాచ్ కూడా ఒక మెట్టు పెంచమనండి. (మిస్త్రీ దుకాణం ముందు కూర్చోమంటే మా బేగం ఒప్పుకోలేదు, అందుకే మసీదు గోడ.)

బీబీలకు ఒక మాట, బురా అనుకోకండి. నల్ల బుర్ఖా వెనక సీటు నుంచి జారి టెయిల్ లైటును కప్పేస్తుంది. వెనకొచ్చే లారీకి చీకట్లో నల్లటి బట్ట తప్ప ఏమీ కనబడదు. కొంగు చక్రంలో పడే ఖత్రా వేరే. కూర్చునేటప్పుడు అంచును తొడ కింద మడుచుకోండి, మడ్‌గార్డుకు, హెల్మెట్ వెనకాలకు ఎర్రటి రిఫ్లెక్టర్ టేపు ముక్క అంటించండి. ముప్పై రూపాయల ముచ్చట. భాయీలు రాత్రిపూట నల్ల వైజర్ ఎత్తేయండి, గీతలు పడ్డ వైజర్ మార్చండి. గీతలమీద ఎదుటి లైటు పడితే సాలెగూడులా చెదురుతుంది.

2017 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బళ్లలో పగలు కూడా హెడ్‌లైటు ఆరదు. బ్యాటరీ దండగ అని తిట్టుకుంటాం. హెడ్‌లైటు మనం చూడటానికి ఎంతో, మనం కనబడటానికి అంతే. ఈ రెండో పనికి ఎదుటివాడి కళ్లు పొడవక్కర్లేదు.

ఇక హుకూమత్‌ను అడగాల్సింది అడుగుతాను. మనం ఆరు వందల బల్బు దగ్గరికి ఎందుకు పోతున్నాం? 2008లో శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు వచ్చింది. 2009లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు వచ్చింది, దాని మీద వరసగా దీపాలు పెట్టారు. ఈ రెండింటి మీదా మోటర్‌సైకిల్‌కు ఇజాజత్ లేదు. ఆ వేగాల మధ్య బండి వద్దనడం సరైనదే, నాకు షికాయత్ లేదు. మరి మాకు మిగిలింది ఏమిటి? గగన్‌పహాడ్, సాతంరాయి మీదుగా పాత బెంగళూరు రోడ్డు, అవుటర్ పక్కన సర్వీసు రోడ్డు. పైన దీపాల వరస, కింద మాకు దాని నీడ. సర్వీసు రోడ్డులో ఎదురు వచ్చేవాళ్లకు మధ్య డివైడర్ ఉండదు, లైటు నేరుగా కంట్లోకే. కొత్తూరు ఫ్యాక్టరీల దగ్గర లారీలు వెనక ఒక్క రిఫ్లెక్టర్ లేకుండా రోడ్డు అంచున నిద్రపోతుంటాయి. ఎయిర్‌పోర్టులో నైట్ డ్యూటీ చేసే లోడర్లు, సఫాయీవాళ్లు, సెక్యూరిటీ గార్డులు ఎంతోమంది వచ్చిపోయేది ఈ రోడ్ల మీదే, బళ్ల మీదే. 2024లో గొల్లపల్లి వైపు ఎయిర్‌పోర్టు గోడ దగ్గర చిరుత కనబడినప్పుడు మాత్రం ఆ చీకటి గురించి అందరూ మాట్లాడారు. మే మొదట్లో అది బోనులో పడింది, మాటలు కూడా ఆగిపోయాయి.

షమ్స్ అంటే సూర్యుడు. పాయిగా అమీరుల షమ్సుల్ ఉమ్రా బిరుదు మీదుగా షంషాబాద్ పేరు వచ్చిందంటారు. సూర్యుడి పేరున్న ఊరి చుట్టూ సర్వీసు రోడ్లకు, పల్లె మలుపులకు దీపాలు అడగడం పెద్ద ఫర్మాయిష్ కాదు. మన మసీదు కమిటీలు జుమ్మా తర్వాత ఒక దర్ఖాస్తు రాసి సంతకాలు పెట్టిస్తే మునిసిపాలిటీకి, పంచాయతీకి పట్టుకుపోవడానికి నేను తయార్. మా ఊరి మలుపు కోసం ఇప్పటికే ఒకటి రాశాను, నలభై సంతకాలు అయ్యాయి. మొదటి సంతకం ఆ పూల రైతుది. ఎడమ చేత్తో పెట్టాడు.

రంజాన్ ముందు మా ఖాలా ఉమ్రాకు పోతోంది. ఫ్లయిటు మళ్లీ రాత్రి రెండున్నరకే. ఆటోలో జాగా ఉందని మామూ అంటున్నాడు గానీ నేను బండి మీదే వస్తానన్నాను. ఈసారి హైవే దిగాక నలభై దాటను. ఎదురుగా మోపెడ్ కనబడితే పక్కకు తీసి ఆగుతాను. ఆయన చెయ్యి ఇప్పుడు కాస్త తిరుగుతోందట, తెల్లవారుజామున మళ్లీ మార్కెట్టుకు పోతున్నాడు.