టీవీ పక్కన ఏ పెట్టె?

మన సాఫ్టువేరు వాళ్ళకి ఒక అలవాటుంది. ఇంట్లోకి కంప్యూటరు కొనాలంటే ముందు ప్రాసెసరు పేరు అడుగుతాం, తర్వాత ఎన్ని కోర్లని అడుగుతాం, ఆ తర్వాత ర్యామ్ సంగతి. దానితో చేయబోయే పనేమిటన్న ప్రశ్న ఆఖర్న వస్తుంది, అదీ వస్తే. టీవీ కార్యక్రమాలు రికార్డు చేసుకోడానికి చిన్న కంప్యూటరు కొనాలనుకునేవాళ్ళు ఈ వరసని తిరగెయ్యాలని నా అభిప్రాయం. డిష్ దగ్గర మొదలుపెట్టి ప్రాసెసరు దాకా రావాలి గానీ, ప్రాసెసరు దగ్గర మొదలుపెట్టి డిష్ వైపు వెళ్ళకూడదు.

"యూట్యూబూ, యాప్‌లూ ఉన్న ఈ రోజుల్లో ఇంకా రికార్డింగేమిటండీ?" అనేవాళ్ళకి ముందు జవాబు చెప్పాలి. నేనుండేది అబుధాబి పక్కనున్న ముసఫ్ఫాలో. ఒకవైపు వర్క్‌షాపులు, గోడౌన్లు, ఫ్యాక్టరీలు; ఇంకోవైపు షాబియా అని పిలుచుకునే నివాస బ్లాకులు. ఇక్కడి గడియారం ఇండియా కంటే గంటన్నర వెనక. హైదరాబాదులో రాత్రి ఏడింటికి మొదలయ్యే కార్యక్రమం ఇక్కడ సాయంత్రం ఐదున్నరకే మొదలౌతుంది. అప్పటికి మనవాళ్ళు చాలామంది ఇంకా దారిలోనే ఉంటారు. అక్కడ పొద్దున్న ఆరున్నరకి వచ్చే రైతుల కార్యక్రమం చూడాలంటే ఇక్కడ ఐదింటికే లేవాలి. ఇక డల్లాస్‌లో ఉన్నవాళ్ళకైతే ఆ రాత్రి ఏడు గంటలు వేసవిలో ఉదయం ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర. ప్రైమ్ టైమంటే ఆఫీసుకి బయల్దేరే టైమన్నమాట.

డైలీ సీరియళ్ళకి యాప్ చాలు, ఒప్పుకుంటాను. వాటికోసం ఇంత తతంగం అక్కర్లేదు. నా బాధంతా ఒక్కసారి వచ్చి పోయేవాటి గురించి. ప్రాంతీయ దూరదర్శన్‌లో వచ్చే ఒక హరికథ, మన జిల్లా మీద ఒక అరగంట కార్యక్రమం, ఒక రచయితతో ముఖాముఖి. ఇవి ఏ యాప్‌లోనూ దొరక్కపోవచ్చు. దొరికినా ఎన్నాళ్ళుంటాయో చెప్పేది మనం కాదు. ఈటీవీలో 1996లో మొదలైన 'పాడుతా తీయగా' పాత ఎపిసోడ్లు కొన్ని యూట్యూబులో ఉన్నాయి, సంతోషం. 2020 సెప్టెంబరులో బాలుగారు పోయాక వాటి విలువేమిటో అందరికీ తెలిసొచ్చింది. కానీ అవి అక్కడ ఉన్నంతకాలమే మనవి.

ఛానలు వాళ్ళే భద్రం చేస్తారులే అనుకోడానికీ లేదు. బీబీసీ అంతటి సంస్థే 1960ల, 70ల నాటి టేపుల్ని చెరిపేసింది. 'డాక్టర్ హూ' ధారావాహికలో కొన్ని పదుల ఎపిసోడ్ల చిత్రం అలాగే పోయింది. అయినా, పోయిన ఎపిసోడ్లన్నిటికీ శబ్దం మాత్రం మిగిలింది. ఎవరి పుణ్యం? ఇళ్ళల్లో టీవీ ముందు టేపు రికార్డరు పెట్టుకుని కూర్చున్న మామూలు ప్రేక్షకుల పుణ్యం. అమెరికాలో ఫిలడెల్ఫియాకి చెందిన మేరియన్ స్టోక్స్ అనే ఆవిడ 1970ల చివర్నుంచి 2012లో చనిపోయేదాకా టీవీ వార్తల్ని రికార్డు చేస్తూనే ఉంది. సుమారు 70 వేల టేపులు. మనం అంత చెయ్యక్కర్లేదు. వారానికి నాలుగు గంటలు చాలు.

సరే, కేబులు సంస్థ ఇచ్చిన పెట్టెలోనే రికార్డు బొత్తాం ఉందిగా? ఉంది. మా బ్లాకులో ఒక కుటుంబం వాళ్ళమ్మాయి పాడిన కార్యక్రమాన్ని అలాగే దాచుకుంది. పెట్టె పాడైతే సంస్థ వాళ్ళొచ్చి, మర్యాదగానే, కొత్త పెట్టె ఇచ్చి పాతది పట్టుకెళ్ళారు. పాట కూడా దాంతోపాటే వెళ్ళిపోయింది. ఇలాంటి పెట్టెల్లో రికార్డింగు సాధారణంగా ఆ పెట్టెకే పరిమితమైన తాళంతో ఉంటుంది. డిస్కు ఊడదీసి వేరే కంప్యూటరుకి తగిలించినా తెరుచుకోదు. అంటే అది మన రికార్డింగు కాదు, మనకి అద్దెకిచ్చిన రికార్డింగు. ఆ పెట్టె నుంచి వచ్చే హెచ్‌డీఎంఐ తీగని క్యాప్చర్ కార్డుకి తగిలిద్దామంటే హెచ్‌డీసీపీ అడ్డొస్తుంది.

అందుకని మొదటి ప్రశ్న: తాళం లేని ప్రసారం మీ ఇంటిదాకా వస్తోందా? ముసఫ్ఫాలాంటి చోట బాల్కనీకి డిష్ బిగించుకుంటే మునిసిపాలిటీ ఊరుకోదు. మేడమీద బిల్డింగు అందరికీ కలిపి పెట్టిన డిష్‌లే దిక్కు. కాబట్టి కంప్యూటరు కొనకముందు వాచ్‌మన్నో, డిష్ పనిచేసే కుర్రాణ్ణో పిలిచి, మీ గోడలోంచి వచ్చే కేబులు ఏ ఉపగ్రహానిదో, అందులో ఉచిత ఛానళ్ళు ఏమున్నాయో కనుక్కోండి. పే ఛానళ్ళకైతే సరైన చందా, కార్డు ఉండాలి. ఇండియాలో వాడుకోడానికిచ్చిన డిటిహెచ్ కార్డుని ఇక్కడికి తెచ్చి వాడటం, చందా లేని దొంగ ఐపీటీవీ పెట్టెలు కొనటం నేను సలహా ఇవ్వను.

చట్టం సంగతి కూడా ఒక మాట. ప్రసారాన్ని తర్వాత చూసుకోడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పుకాదని అమెరికా సుప్రీంకోర్టు 1984లోనే సోనీ బీటామాక్స్ కేసులో తేల్చింది. ఇక్కడి కాపీరైటు చట్టం, అంటే 2021 నాటి 38వ నంబరు డిక్రీ లా, సొంత వాడకానికి ఒక ప్రతి తీసుకోడాన్ని కొన్ని షరతులతో ఒప్పుకుంటుంది. మన కోసం దాచుకోవడం వేరు, నలుగురికీ పంచిపెట్టడం వేరు. ఆ గీత దాటకూడదు.

ఇప్పుడు కంప్యూటరు దగ్గరికొద్దాం. పాత రోజుల్లో ఇది నిజంగా కష్టమైన ఎంపిక. టీవీ సంకేతం అనలాగ్‌గా వచ్చేది, దాన్ని అక్కడికక్కడ ఎంపెగ్‌లోకి కుదించాలి. అందుకే హాపాజ్ వాళ్ళ పీవీఆర్ కార్డుల్లాంటివి ఆ పనికోసమే ఒక చిప్పుని మోసుకొచ్చేవి. 2001లో వియా సంస్థ 17 సెంటీమీటర్ల చదరపు మినీ ఐటీఎక్స్ బోర్డు తెచ్చినప్పుడు, 2005లో ఆపిల్ మ్యాక్ మినీ వచ్చినప్పుడు, టీవీ కింద పట్టే కంప్యూటరు దొరికిందని మనవాళ్ళు ఎంత సంబరపడ్డారో! కానీ ఆ పెట్టెలకి శక్తి చాలేది కాదు.

డిజిటల్ ప్రసారంలో ఆ సమస్యే లేదు. ఉపగ్రహం నుంచి కార్యక్రమం ముందే కుదించి వస్తుంది. కంప్యూటరు చేసేదల్లా వచ్చిన బిట్లని వచ్చినట్టు డిస్కు మీద రాయడం. సెకనుకి 8 మెగాబిట్ల హెచ్‌డీ ఛానలంటే సెకనుకి ఒక మెగాబైటు. రెండు ఛానళ్ళు ఒకేసారి రికార్డు చేసినా రెండు మెగాబైట్లు. పదిహేనేళ్ళనాటి లాప్‌టాపు కూడా ఆవలిస్తూ చేసే పని ఇది. గంటకి 3.6 గిగాబైట్లు పడుతుంది కాబట్టి 4 టెరాబైట్ల డిస్కులో 1100 గంటలు పడతాయి. రోజుకి రెండు గంటలు దాచుకున్నా ఏడాదిన్నర దాకా చూసుకోనక్కర్లేదు.

మరి దేన్ని చూసి కొనాలి? నా లెక్కలో నాలుగు విషయాలు.

మొదటిది కరెంటు. ఈ పెట్టె 24 గంటలూ నడుస్తుంది. 10 వాట్లు తినే పెట్టె ఏడాదికి 88 యూనిట్లు వాడుతుంది. 80 వాట్ల డెస్క్‌టాపు 700 యూనిట్లు వాడుతుంది. అబుధాబిలో ప్రవాసుల ఫ్లాట్లకి యూనిట్ 27 ఫిల్స్ చొప్పున వేసుకుంటే 24 దిర్హాములెక్కడ, 189 దిర్హాములెక్కడ! పైగా ఆ 80 వాట్ల వేడిని బయటికి తోలడానికి ఏసీ ఇంకాస్త పనిచెయ్యాలి.

రెండోది వేడి, దుమ్ము. ముసఫ్ఫా గాల్లో ఎడారి ఇసకా ఉంటుంది, వర్క్‌షాపుల ధూళీ ఉంటుంది. చిన్న పెట్టెలోని చిన్న ఫ్యాను త్వరగా మూసుకుపోయి గొణగడం మొదలుపెడుతుంది. ఫ్యాను లేని పెట్టె అయితే మేలు. కానీ జులై, ఆగస్టుల్లో పిల్లల సెలవలకి అందరం ఇండియా వెళ్తాం, వెళ్తూ ఏసీ కట్టేస్తాం. మూసిన గదిలో, టీవీ స్టాండు అరలో ఇరుక్కున్న పెట్టె ఎంత వేడెక్కుతుందో ఊహించండి. హార్డ్‌డిస్కులు సాధారణంగా 60 డిగ్రీల దాకానే ఓర్చుకుంటాయి. ఆ రెండు నెలలూ దాన్ని ఆపేసి వెళ్ళడమే మంచిది. కార్యక్రమాలు చూడ్డానికి మనమెలాగూ అక్కడే ఉంటాం కదా!

మూడోది ట్యూనరు, దాని డ్రైవరు. మ్యాక్ మినీ అందమైన పెట్టె, కానీ ఉపగ్రహ ట్యూనర్ల డ్రైవర్లు ఎక్కువగా లినక్స్ వైపే ఉన్నాయి. విండోస్‌లో ఒకప్పుడు మీడియా సెంటర్ ఉండేది, 2015లో విండోస్ 10తో దాన్ని తీసేశారు. లినక్స్ మీద టీవీహెడ్‌ఎండ్, చూడ్డానికి కోడి, ఈ జంట నాకు నచ్చింది. డిష్ కేబులు ఒక గదిలో, టీవీ ఇంకో గదిలో ఉంటే శాట్‌ఐపీ ట్యూనరు చూడండి. అది ప్రసారాన్ని నెట్‌వర్కు కేబుల్లోకి మార్చేస్తుంది, కంప్యూటరు ఎక్కడున్నా ఫర్వాలేదు.

నాలుగోది, ఎవరూ అడగనిది. కరెంటు పోయి వస్తే పెట్టె తనంతట తానే లేస్తుందా? అనుకున్న వేళకి తనే మేలుకుంటుందా? బయోస్‌లో ఈ రెండు సెట్టింగులూ ఉన్నాయో లేదో అంగట్లోనే చూపించమనండి. ఇవి లేకపోతే ఎంత గొప్ప ప్రాసెసరైనా మనకి కావలసిన రోజున నిద్రపోతూనే ఉంటుంది.

ఇవన్నీ కలిపి చూస్తే నా ఓటు రెండింటికి. కొత్తది కావాలంటే 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 చిప్పున్న ఫ్యాను లేని పెట్టె. ఆ చిప్పు రేటింగే 6 వాట్లు. డబ్బు మిగలాలంటే ఆఫీసుల్లో వాడి అమ్మేసిన లెనోవో టైనీ, డెల్ మైక్రో, హెచ్‌పీ మినీల్లో ఇంటెల్ ఏడో తరం నుంచి పైవి. హెచ్ఈవీసీ వీడియోని ఇవి అవలీలగా ఆడిస్తాయి. దుబాయి వెళ్ళే పనుంటే బర్ దుబాయిలో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు దుకాణాలు ఒకసారి చుట్టిరండి. రాస్ప్‌బెర్రీ పై మీద నాకూ ప్రేముంది గానీ, దానికి కేసు, పవర్ సప్లై, డిస్కు అన్నీ కలిపేసరికి సెకండ్‌హ్యాండు మినీ ధర పలుకుతుంది. పైగా పై 5లో హెచ్.264కి హార్డ్‌వేరు డీకోడరు తీసేశారు. ఎన్‌యుసి అంటే మోజున్నవాళ్ళు 2023లో ఇంటెల్ వాటిని ఏసస్ చేతిలో పెట్టి తప్పుకుందని గుర్తుంచుకోండి.

ప్రాసెసరులో మిగిలిన డబ్బుతో రెండో డిస్కు కొనండి. ఒకటి ఇంట్లో, ఒకటి ఊళ్ళో. మనలో చాలామందికి ఈ దేశంలో ఉండేది వీసా ఉన్నంతవరకే. కంప్యూటర్లు అంతకంటే ముందే పాతబడతాయి. పెట్టె ఇక్కడే ఎవరికో ఇచ్చేసి వెళ్ళినా, దాచుకున్న పాట మాత్రం సామాన్లలో మనతో రావాలి. అలా రాగలిగితే, ఆ పక్కన ఏ పెట్టె పెట్టినా సరైనది కొన్నట్టే.