హంతకుడు దొరికాడు, మరి చట్టం?

అపరాధ పరిశోధన నవలలు నేనూ ఇష్టంగానే చదువుతాను. "కాలక్షేపం పుస్తకాల్లో కూడా రాజకీయాలు వెతకాలా?" అని మిత్రులు ఎగతాళి చేస్తుంటారు. వెతకాలనే అంటాను. నేరం వ్యక్తి చేస్తాడు, నిజం పోలీసు కనిపెడతాడు, హంతకుడు దొరికితే న్యాయం జరిగినట్టే - ఇదే కదా ఈ నవలలు మనకు నేర్పే పాఠం! మరి చట్టమే నేరమైన దేశంలో ఈ పాఠం ఏమవుతుంది?

జేమ్స్ మెక్లూర్ 1971లో రాసిన 'ది స్టీమ్ పిగ్' తీసుకుందాం. జాతి వివక్ష రాజ్యమేలిన దక్షిణాఫ్రికా కథ అది. బ్రిటన్‌లోని క్రైం రచయితల సంఘం ఆ ఏడాది గోల్డ్ డాగర్ బహుమతి ఇచ్చింది. తెల్ల అధికారి క్రేమర్, అతని నల్ల సహాయకుడు జోండీ కలిసి థెరిసా లె రూ అనే యువతి హత్య గుట్టు విప్పుతారు. ఆమె తెల్లమ్మాయిగా చలామణీ అయింది. ప్రభుత్వం మాత్రం ఆమె కుటుంబాన్ని తెల్లజాతి జాబితా నుంచి తీసేసి 'కలర్డ్' అని ముద్ర వేసింది. ఆ అధికారాన్ని అధికారుల చేతిలో పెట్టింది 1950 నాటి జనాభా నమోదు చట్టం.

మెక్లూర్ వివక్షను సమర్థించలేదు. దాని క్రూరత్వాన్నీ అసంబద్ధతనూ బాగానే చూపించాడు. నా తగాదా నవల నిర్మాణంతో. థెరిసా మొదట్లోనే శవమై కనిపిస్తుంది. ఆమె గురించి అందరూ మాట్లాడతారు, ఆమె మాట్లాడదు. చివరికి దోషులు తేలతారు. ఆమెను దాక్కుని బతికేలా చేసిన చట్టం మాత్రం బోనెక్కదు. పైగా పాఠకులం మనం పోలీసుల పక్షాన నిలబడి వాళ్ల గెలుపు చూసి సంతోషిస్తాం.

ఎవరా పోలీసులు? తెల్లవారికీ ఇతరులకూ మధ్య లైంగిక సంబంధాలను నేరం చేసిన ఇమ్మోరాలిటీ చట్టం పేరుతో రాత్రిళ్లు పడకగదుల్లో జొరబడి, దుప్పట్లు తడిమి 'సాక్ష్యం' పోగేసినవాళ్లు. 1985 దాకా ఆ నిషేధం సాగింది.

సరిగ్గా 1971లోనే, అక్టోబర్ 27న, జోహన్నెస్‌బర్గ్‌లోని జాన్ వోర్‌స్టర్ స్క్వేర్ పోలీసు భవనంలో నిర్బంధంలో ఉన్న అహ్మద్ తిమోల్ అనే భారత సంతతి ఉపాధ్యాయుడు పైనుంచి పడి చనిపోయాడు. పదో అంతస్తు కిటికీలోంచి తనే దూకాడన్నారు పోలీసులు. ఆత్మహత్యేనని 1972లో మేజిస్ట్రేటు తేల్చాడు. తల్లి హవా తిమోల్ నమ్మలేదు. 1996లో సత్య, సయోధ్య కమిషన్ ముందుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. కుటుంబం పట్టు విడవలేదు. 2017లో కేసును తిరగతోడిన హైకోర్టు అది హత్యేనని ప్రకటించింది. 46 ఏళ్లు పట్టింది! ఈ కథలో పరిశోధకులెవరు, నేరస్తులెవరు?

కాల్పనిక సాహిత్యాన్ని కోర్టు తీర్పులతో కొలుస్తారా అని అడగొచ్చు. ఎవరి కళ్లతో చూడడం మనకు అలవాటవుతోందన్నదే నా ప్రశ్న. ఒక స్త్రీ అనుమానాస్పద మరణంపై నిజనిర్ధారణకు వెళ్లినప్పుడు మనం కూడా ముందు ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టు చదివి, ఆ తర్వాతే తల్లి గడప తొక్కుతాం. ఆ వరస తిరగెయ్యాలి. "ఎవరు చంపారు?" అనే ఒక్క ప్రశ్న చాలదు. ఆమెను చంపడం ఇంత సులువెలా అయింది? చంపినా ఏమీ కాదన్న ధైర్యం ఎవరిచ్చారు? ఈ ప్రశ్నలు వేసుకోకపోతే మన రిపోర్టు కూడా మరో డిటెక్టివ్ నవలగానే మిగిలిపోతుంది.