సమరయుడు చట్టములోకి వచ్చాడు, మన సంగతేమిటి?



లూకా సువార్త 10వ అధ్యాయములోని మంచి సమరయుని ఉపమానము మనకు ఆదివారపు బడి నుండి తెలిసినదే. అయితే మన దేశ చట్టములో కూడా ఆ సమరయుడు ఉన్నాడని మనలో ఎందరికి తెలుసు?

2007లో ఢిల్లీలో బడి నుండి ఇంటికి వస్తున్న ఒక కుర్రవాడిని వాహనం ఢీకొన్నది. జనం చూశారు గాని ఎవరూ ఆసుపత్రికి చేర్చలేదు. అతడు చనిపోయాడు. అతనికి అన్న వరస అయిన పీయూష్ తివారీ 2008లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థను ప్రారంభించారు. సాయం చేస్తే పోలీసులు, కోర్టులు తిప్పుతారనే భయమే జనాన్ని ఆపుతోందని గ్రహించి, ఆ సంస్థ 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2016 మార్చి 30న కోర్టు సమరయుని కాపాడే మార్గదర్శకాలకు చట్టబలమిచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టములో 134ఎ సెక్షను చేరింది.

దీని భావమేమిటి? మంచి మనసుతో క్షతగాత్రునికి సాయం చేసినవారిపై, ఆ సాయంలో పొరపాటు జరిగి ప్రాణం పోయినా, కేసు పెట్టకూడదు. పేరు, చిరునామా చెప్పమని పోలీసులు బలవంతం చేయకూడదు. సాక్ష్యమిమ్మని ఒత్తిడి చేయకూడదు.

ప్రియులారా, యాజకుడును లేవీయుడును ఎందుకు ప్రక్కగా పోయారో లూకా చెప్పలేదు. మన ఊళ్లలో మాత్రం కారణం అందరి నోటా ఉంది: “మనకెందుకు, కేసవుతుంది.” ఆ సాకు ఇప్పుడు లేదు. స్టేషనులోనో ఆసుపత్రిలోనో ఒకరికి ఈ సంగతి తెలియకపోవచ్చు. అందుకే మనం తెలుసుకొని, మర్యాదగా చెప్పాలి.

దెబ్బ తగిలిన తరువాతి మొదటి గంట ఎంతో విలువైనది. వెంటనే 108కి ఫోను చేయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. అంబులెన్సు వచ్చేవరకు అతని దగ్గరే ఉండండి.

కొత్త బండి కొన్నవారు ప్రార్థన కోసం మా యొద్దకు తెస్తారు. మేము సంతోషముగా చేస్తాము. బండి క్షేమము కొరకే కాదు, దారిలో పడియున్నవానిని చూచి ఆ బండి ఆగాలని కూడా ప్రార్థిస్తాము. ఆమేన్ అన్నవారే బ్రేకు వేయాలి.

దేవుడు మిమ్మును దీవించును గాక.